ప్రెస్సులో వేళ్లు పోయిన కార్మికుడికి చట్టప్రకారం రావలసినది: ఎంత, ఎవరి నుంచి, ఎలా

తరవాత చదివేవారికి కూడా ఉపయోగపడుతుందని మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి, ఆ మీదట జవాబు రాస్తాను. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి జీడిమెట్లలో, ఇనుప రేకులను అచ్చులో కొట్టి భాగాలు తీసే ఒక చిన్న ప్రెస్ షాపులో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్న మీ తమ్ముడి వయసు 28 ఏళ్లు, జీతం నెలకు 16,500 రూపాయలు. 2025 ఆగస్టు 19న పవర్ ప్రెస్సు మీద పని చేస్తుండగా కుడిచేతి చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు మొదలంటా పోయాయి. యజమాని ఆసుపత్రి ఖర్చులో 40,000 కట్టాడు; ఇప్పుడు మరో 60,000 ఇస్తాను, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. తప్పు నీ అజాగ్రత్తదేనని కూడా అంటున్నాడు. ఈ.ఎస్.ఐ. (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డు ఇవ్వలేదు. షాపులో పన్నెండు మంది పనిచేస్తుంటే రిజిస్టరులో ఆరుగురి పేర్లే ఉన్నాయి. గాయం మానింది కాబట్టి మళ్లీ పనికి రమ్మంటున్నారు. సంతకం పెట్టవచ్చా, న్యాయంగా ఎంత రావాలి, ఎక్కడికి వెళ్లాలి, అక్కడ పనిచేస్తున్నట్టు రుజువు ఏముంది, పాత కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లతో ఇదంతా మారిపోయిందా, పనికి వెళ్లవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను లాయరును కాను. బాలానగర్‌లో తొమ్మిదేళ్లు, ప్రెస్సుకు డై (అచ్చు) బిగించే డై సెట్టరుగా పనిచేశాను. ఆ తరవాత ఇరవై రెండేళ్లుగా యూనియన్ తరఫున ఇటువంటి కేసుల కాగితాలు సర్దుతూ, కార్మిక శాఖ ఆఫీసు వరండాల్లో కూర్చుంటూ ఉన్నాను.

సంతకం పెట్టవద్దు. పొరపాటున ఇప్పటికే పెట్టేసి ఉంటే గాబరా పడవలసిన పని కూడా లేదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం, పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు లేదా తగ్గించుకుంటున్నట్టు కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదు. ఇద్దరూ ఒక మొత్తానికి రాజీపడినా, ఆ ఒప్పందాన్ని 28వ సెక్షన్ ప్రకారం కార్మిక శాఖలోని నష్టపరిహార కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయించాలి, ఆ మొత్తం మరీ తక్కువగా ఉందనిపిస్తే రిజిస్టరు చేయకుండా తిప్పిపంపే అధికారం ఆయనకు ఉంది. రిజిస్టరు చేయించని యజమాని పూర్తి పరిహారానికి బాధ్యుడవుతాడు; పైగా అప్పటికే పరిహారం కింద ఇచ్చినదానిలో సగానికి మించి తగ్గించుకోవడానికి కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప వీలుండదు. నోటరీ ముద్రలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఈ సూత్రాన్ని మార్చలేవు. అయినా సంతకం వద్దనే చెబుతున్నాను, ఎందుకంటే ఆ కాగితాల్లో సాధారణంగా పరిహారం సంగతితో పాటు మరో వాక్యం కూడా దూరుస్తారు: ప్రమాదం షాపులో జరగలేదనో, కార్మికుడు చెప్పిన మాట వినకుండా మెషిన్ ముట్టుకున్నాడనో. హక్కు వదులుకున్న మాట చెల్లకపోవచ్చు గాని, జరిగిన సంగతి గురించి మీ తమ్ముడి సంతకంతో ఉన్న మాటను తరవాత అతనికే వ్యతిరేకంగా చదివి వినిపిస్తారు.

ఇక తప్పు ఎవరిదన్న మాట. ఈ చట్టం యజమాని తప్పు ఉందా లేదా అని అడగదు, కార్మికుడి మామూలు అజాగ్రత్తను కూడా పట్టించుకోదు. పనిలో ఉండగా, పని కారణంగా ప్రమాదం జరిగితే చాలు. మినహాయింపులు మూడే: మద్యం లేదా మత్తుపదార్థం ప్రభావంలో ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని లేదా నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ కోసం పెట్టిన గార్డును అది రక్షణ కోసమేనని తెలిసి కావాలని తీసేయడం. మరణం సంభవించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఈ మూడూ వర్తించవు. మీ తమ్ముడిది పాక్షిక వైకల్యం కాబట్టి మూడో సాకు వాళ్లు ఎత్తే వీలుంది, దానికి సిద్ధంగా ఉండాలి.

అక్కడ మెషిన్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆఫీసుల్లో కూర్చున్నవారికి ఇది అర్థమయ్యేలా చెప్పగలిగిన కేసులే నిలబడటం చూశాను. మన చిన్న షాపుల్లో ఎక్కువగా ఉండేవి పాత కీ క్లచ్ ప్రెస్సులు. పెడల్ తొక్కగానే లాచ్ పక్కకు జరుగుతుంది, స్ప్రింగు బలంతో కీ తిరిగి ఫ్లైవీల్‌ను క్రాంక్ షాఫ్టుకు బిగిస్తుంది, రామ్ (డై మీద దెబ్బ కొట్టే భాగం) కిందికి దిగి ఒక చుట్టు పూర్తిచేసి పైకి వచ్చాక లాచ్ ఆ కీని మళ్లీ వెనక్కి కొడుతుంది, బ్రేకు రామ్‌ను పైనే నిలబెడుతుంది. లాచ్ అరిగినా, దాని స్ప్రింగు విరిగినా, బ్రేకు లైనింగు పోయినా, పెడల్ మీద కాలు లేకుండానే రామ్ రెండోసారి దిగుతుంది. మొదటి దెబ్బ పడ్డాక పీసును తీయడానికి చెయ్యి డైలోకి వెళ్లేది సరిగ్గా ఆ క్షణంలోనే. పైగా ఈ రకం క్లచ్ ఒకసారి పట్టుకుందంటే చుట్టు పూర్తయ్యేదాకా మధ్యలో ఆగదు కాబట్టి, దీనికి చెయ్యి అడ్డొస్తే మెషిన్‌ను ఆపే సెన్సరు కర్టెన్ బిగించి రక్షణ ఉందని చెప్పడం కంటితుడుపే. డై చుట్టూ చెయ్యి పట్టనంత సందుతో స్థిరమైన గార్డు ఉండాలి, పీసు తీయడానికి పట్టుకారో మాగ్నెట్టో ఇవ్వాలి. గార్డు ఉంటే గంటకు వచ్చే పీసుల లెక్క తగ్గుతుందని సూపర్‌వైజరే విప్పించి గోడకు ఆనించి పెట్టిన షాపులు నేను పనిచేసినవే రెండు ఉన్నాయి. అటువంటిచోట గార్డు కార్మికుడు కావాలని తీసేశాడనడానికి వీల్లేదు, అలా అన్నవాడే దాన్ని రుజువు చేయాలి. ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉంచే బాధ్యతను యజమాని మీదే పెట్టింది. మీ తమ్ముణ్ణి అడగండి: ఆ వారంలో అంతకుముందు ప్రెస్సు డబుల్ కొట్టిందా, ఎవరికైనా చెప్పాడా, ఫోనులో మెసేజీ ఏదైనా ఉందా. ప్రమాదం జరిగిన మర్నాడే లాచ్ మార్చేస్తారు. పాత ఫోటో తోటివాళ్ల ఫోనుల్లో ఉంటే అదే దిక్కు.

ఎంత రావాలన్నది ఇప్పుడు చూద్దాం. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు, ఎందుకంటే దారులు రెండు, రెండిటిలో ఒకటే పట్టుకోవాలి.

మొదటి దారి ఈ.ఎస్.ఐ. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్న ప్రతివాడూ దాని కిందికి వస్తాడు, కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లతో సహా. కార్డు లేకపోవడం, యజమాని చందా కట్టకపోవడం కార్మికుడి హక్కును పోగొట్టవు. చట్టం బీమాదారు అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే చందా కట్టినవాడితో పాటు చందా కట్టవలసి ఉన్నవాడు కూడా ఉన్నాడు. ఎగ్గొట్టిన చందా సంగతి ఈ.ఎస్.ఐ. కార్పొరేషన్, యజమాని తేల్చుకోవాలి. పనిలో జరిగిన గాయానికి ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నియమం కూడా లేదు, చేరిన మొదటి రోజే వేలు పోయినా వర్తిస్తుంది. యజమాని ఆదేశానికి విరుద్ధంగా చేసినా, ఆ పని అతని వ్యాపారం కోసమే చేసినదైతే ప్రమాదాన్ని పనిలో జరిగినదిగానే 51బి సెక్షన్ లెక్కిస్తుంది కాబట్టి, పైన చెప్పిన గార్డు వాదనకు ఇక్కడ పెద్దగా చోటు లేదు.

రెండో దారి కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్‌గా వ్యవహరించే డిప్యూటీ లేదా అసిస్టెంట్ లేబర్ కమిషనర్. ఈ.ఎస్.ఐ. వర్తించని చోటే ఈ దారి. ఈ.ఎస్.ఐ. వర్తించే కార్మికుడు అదే గాయానికి ఇక్కడ అడగకూడదని ఈ.ఎస్.ఐ. చట్టం 53వ సెక్షన్ అడ్డుకుంటుంది. లాయరు కమిషనర్ దగ్గర కేసు వేసి రెండేళ్లు నడిపాక, అవతలి లాయరు తీరిగ్గా ఈ ఒక్క సెక్షన్ చూపించి కొట్టేయించిన కేసును దగ్గరుండి చూశాను. ఆ కార్మికుడి ముఖం చూడలేక నేనే బయటికి వచ్చేశాను.

రెండు లెక్కలూ వేసి చూపిస్తాను. కమిషనర్ దగ్గరైతే, జీతం ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునేది 15,000 వరకే. దానిలో 60 శాతం 9,000. 28 ఏళ్లకు చట్టం నాలుగో షెడ్యూలులో ఇచ్చిన గుణకం 211.79. రెంటినీ గుణిస్తే 19,06,110. ఇది పూర్తి వైకల్యానికి వచ్చే మొత్తం. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు మొదటి షెడ్యూలు చెబుతుంది కాబట్టి, మీ తమ్ముడికి రావలసినది 5,71,833 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. యజమాని ఆసుపత్రికి కట్టిన 40,000ను పరిహారంలో జమగా చూపించుకోవడం కుదరదు. ప్రమాదం జరిగిన నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, అంటే సుమారు 68,600, అదిగాక సరైన కారణం లేని ఆలస్యానికి అసలులో సగం దాకా జరిమానా వేసే అధికారం కమిషనర్‌కు ఉంది. యజమాని ఇస్తానన్న 60,000 ఒక ఏడాది వడ్డీకి కూడా సరిపోదు.

ఈ.ఎస్.ఐ. అయితే ఇలా ఉంటుంది. 16,500 జీతానికి రోజుకు సుమారు 550. గాయం మానేదాకా పనికి వెళ్లని రోజులకు దానిలో 90 శాతం, అంటే రోజుకు సుమారు 495. మెడికల్ బోర్డు 30 శాతం అని తేలిస్తే ఆ తరవాత రోజుకు సుమారు 148 రూపాయలు, నెలకు నాలుగున్నర వేలకు కొంచెం తక్కువగా, జీవితాంతం. ఎక్కడ పనిలో చేరినా, ఎంత సంపాదించినా ఇది ఆగదు. ఒక్కసారిగా చేతికొచ్చే ఐదున్నర లక్షలకు పైన మొత్తం ముందు నెలకు నాలుగు వేలు చిన్నదిగా కనిపిస్తుంది గాని, 28 ఏళ్లవాడికి పదకొండేళ్లు తిరగకుండానే అది ఆ మొత్తాన్ని దాటేస్తుంది, చెయ్యి మళ్లీ ఆపరేషనుకు వస్తే ఖర్చు కూడా వాళ్లదే. పెద్ద మొత్తం ఊళ్లో అప్పులకూ పెళ్లి ఖర్చులకూ ఆర్నెల్లలో కరిగిపోవడం చూసినవాణ్ణి కాబట్టి, నా మొగ్గు ఈ.ఎస్.ఐ. వైపే. దాంతో విభేదించేవాళ్లు యూనియన్‌లోనే ఉన్నారు. అయితే ఇది మనం ఇష్టపడి ఎంచుకునేది కాదు. పన్నెండు మంది అన్నది రుజువైతే దారి ఈ.ఎస్.ఐ.నే.

కనుక మొదట చేయవలసినది, దగ్గరి ఈ.ఎస్.ఐ. బ్రాంచి ఆఫీసులోనూ ప్రాంతీయ కార్యాలయంలోనూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవడం. ఫలానా తేదీ నుంచి ఫలానా చోట పనిచేస్తున్నాడు, అక్కడ పన్నెండు మంది ఉన్నారు, ఈ తేదీన ఈ మెషిన్ మీద ప్రమాదం జరిగింది, యజమాని ప్రమాద నివేదిక అయిన ఫారం 12 పంపలేదు, సంస్థను తనిఖీ చేసి వర్తింపజేయండి అని రాయండి. తనిఖీకి వచ్చిన అధికారికి మెషిన్ల సంఖ్య, షిఫ్టులు చూస్తే ఆరుగురితో ఆ షాపు నడవదని అర్థమవుతుంది. చట్టం వర్తించదని వాళ్లు తేలిస్తే ఆ మాట కాగితం మీద ఇవ్వమనండి. అప్పుడు కమిషనర్ దగ్గర 53వ సెక్షన్ అడ్డు తొలగించేది ఆ కాగితమే. ఈ లోపు కమిషనర్ గడువును మరిచిపోకూడదు: ప్రమాదం నుంచి రెండేళ్లు, అంటే 2027 ఆగస్టు 18. ఆయన దగ్గర కేసు ప్రమాదం జరిగిన చోటే వేయనక్కరలేదు, మీరు నివసించే శ్రీకాకుళంలో కూడా వేయవచ్చు. వాయిదాలకు రైలు ఛార్జీలు పెట్టుకోలేని కుటుంబాలకు ఇది చిన్న వెసులుబాటు కాదు.

కొత్త లేబర్ కోడ్‌లతో ఇదంతా మారిపోయిందని మీకెవరో చెప్పారని రాశారు. నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన మాట నిజమే. మీ తమ్ముడి హక్కు మాత్రం ఆగస్టు 19నే పుట్టింది, దానికి ఆనాటి చట్టమే వర్తిస్తుంది. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కూడా మరణానికి జీతంలో 50 శాతం, పూర్తి వైకల్యానికి 60 శాతం, వయసును బట్టి గుణకం అనే లెక్క అలాగే ఉంది, ఈ.ఎస్.ఐ.కి పదిమంది అన్న సంఖ్య కూడా అలాగే ఉంది. మారినది వేరేచోట. విద్యుత్తుతో పదిమంది పనిచేస్తే ఫ్యాక్టరీ అని 1948 ఫ్యాక్టరీల చట్టం అంటే, పనిచోట భద్రతకు సంబంధించిన మరో కొత్త కోడ్ దాన్ని ఇరవై చేసింది. పన్నెండు మందితో నడిచే ప్రెస్ షాపులు లెక్కలోంచి జారిపోయే ఈ మార్పు నాకు మింగుడుపడలేదు.

పనిచేస్తున్నట్టు రుజువు ఏముందని మీరు అడిగారు. నియామక పత్రం లేదని దిగులుపడవద్దు, ఈ షాపుల్లో అది ఎవరికీ ఉండదు. కాంట్రాక్టరు నుంచి ఫోన్‌పేలో వచ్చిన జీతం, రేపు నైట్ షిఫ్టుకు రా అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజీ, హాజరు కార్డు ఫోటో, క్యాంటీన్ టోకెన్లు, పక్క మెషిన్ మీది మనిషి సాక్ష్యం, ఇవన్నీ పనికొస్తాయి. ఫోను మార్చేముందు వాటిని ప్రింటు తీయించండి. కాంట్రాక్టరు తన మనిషి కాదన్నా, అసలు యజమాని బాధ్యతను నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ తప్పించనివ్వదు. అతను కట్టి ఆ మీదట కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి.

వీటన్నిటికన్నా ముందు ఆసుపత్రి కేస్ షీటు నకలు తెచ్చుకోండి. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడి కేసులో కమిషనర్ ఎదుట అవతలివారు తీసిన మొదటి కాగితం అదే. గాయం ఎలా అయింది అన్న గడిలో ఇంట్లో నీళ్ల మోటారు బెల్టులో చెయ్యి పడింది అని రాసి ఉంది. రక్తం కారుతూ స్పృహ సరిగా లేనివాణ్ణి క్యాజువాలిటీకి తెచ్చినవాడు షాపు సూపర్‌వైజర్, డాక్టరు అడిగితే జవాబు చెప్పినవాడూ అతనే. ఆ ఒక్క వాక్యాన్ని తిప్పికొట్టడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది: అంబులెన్సు ఎక్కడి నుంచి ఎక్కించుకుందో ఆ రికార్డు తెప్పించి, ఆ ఇంట్లో మోటారే లేదని, వీధి కుళాయే గతి అని చూపించాల్సి వచ్చింది. మీ తమ్ముడి షీటులో అటువంటిది ఉంటే ఇప్పుడే, నిజం ఇది అని ఆసుపత్రి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చి ముద్ర వేయించుకోండి. మెడికో లీగల్ కేసుగా నమోదు చేశారా, పోలీసులకు సమాచారం వెళ్లిందా అన్నది కూడా కనుక్కోండి. మెషిన్ విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహితలో 289వ సెక్షన్ ఉంది. దానితో డబ్బు రాదు గాని, ప్రమాదం ఎక్కడ జరిగిందన్నది మరోచోట నమోదవుతుంది.

30 శాతంతో సరిపెట్టుకోవాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. షెడ్యూలులో ఉన్న శాతం కనీస భరోసా లాంటిది. కార్మికుడు చేసే పనిని బట్టి నష్టం అంతకన్నా ఎక్కువని వాదించే వీలుంది. మన పొరుగునే ఒడిశా జయపురంలో 1968లో ఒక సినిమా హాలు అలంకరణ పనిలో పడిపోయి, ఎడమచేయి మోచేతికి పైన తీసేయించుకున్న వడ్రంగి కేసులో, ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనిది పూర్తి వైకల్యమేనన్న కమిషనర్ తీర్పును 1975లో సుప్రీంకోర్టు సమర్థించింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజునుంచే బాకీ పడుతుందని కూడా అదే తీర్పు చెప్పింది. కుడిచేతివాటం ఉన్న ప్రెస్ ఆపరేటరుకు చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లు లేకపోతే పట్టు ఎంత మిగులుతుందో డాక్టరు చేత రాయించండి. అంతా ఇస్తారని మాత్రం నేను ఆశపెట్టను. ఇక్కడొక జాగ్రత్త: ప్రభుత్వ శిబిరాల్లో ఇచ్చే వికలాంగుల ధ్రువపత్రంలోని శాతం శరీరానికి సంబంధించినది, సంపాదన శక్తి నష్టం వేరు. రెండింటినీ కలిపేసి మాట్లాడే లాయరు దొరికితే మరొకరిని చూసుకోండి. లాయరుకు డబ్బు లేకపోతే, పారిశ్రామిక కార్మికుడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఫోను నంబరు 15100.

కమిషనర్ మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నేను చూసినవి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టాయి. తీర్పు వచ్చాక యజమాని హైకోర్టుకు అప్పీలు వెళ్లాలంటే మాత్రం ముందు మొత్తం డబ్బు కమిషనర్ దగ్గర కట్టి ఆ రసీదు జతపరచాలి, కాబట్టి అప్పీలు పేరుతో ఎగ్గొట్టడం అంత సులువు కాదు. మధ్యలో యజమాని రాజీకి వస్తే కమిషనర్ ఎదుటే, రిజిస్టరు అయ్యే పద్ధతిలోనే మాట్లాడండి. చాలామంది యజమానులు భయపడేది డబ్బుకన్నా తనిఖీకి. యజమానికి కార్మికుల బీమా పాలసీ ఉందేమో అడిగి చూడండి. ఉంటే అతని జేబులోంచి పోయేది తక్కువే అవుతుంది, మాట కూడా మెత్తబడుతుంది.

చివరిగా పనికి వెళ్లడం గురించి. డాక్టరు పనికి తగినవాడని రాసిచ్చేదాకా వెళ్లనక్కరలేదు, ఈ.ఎస్.ఐ. నుంచి తాత్కాలిక వైకల్య భృతి అందుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయడాన్ని ఈ.ఎస్.ఐ. చట్టం 73వ సెక్షన్ నిషేధించింది. తరవాత వెళితే పరిహారం పోతుందన్న భయం అక్కరలేదు, పై లెక్కలేవీ దానితో మారవు. వెళ్లేటట్టయితే ప్రెస్సు కాకుండా ప్యాకింగో తనిఖీ పనో అడుగుతూ రాతపూర్వకంగా ఇచ్చి నకలు ఉంచుకోండి, తొలిరోజే హాజరు కార్డును ఫోటో తీసుకోమనండి. ఆ ప్రెస్సు మీదే మళ్లీ కూర్చోబెడితే కూర్చోవద్దనండి. రెండు వేళ్లతో పీసు తీయడానికి చెయ్యి డైలో మునుపటికన్నా ఎక్కువసేపు ఉంటుంది, ఆ లాచ్ మార్చారో లేదో ఇంకా ఎవరూ చూడలేదు.